నూట ఇరవయ్యో టిప్పర్

మాదాపూర్‌కు జనం మెట్రోలో వస్తారు, క్యాబుల్లో వస్తారు, ఒక్క బండి మీద ముగ్గురు కూర్చొని వస్తారు. భూలక్ష్మి మాత్రం మట్టి మీద వచ్చింది. టిప్పర్ వెనక, నిండా పోసిన ఎర్రమట్టి కుప్ప మీద, అంబారీ ఎక్కిన రాణిలాగా కాళ్లు ముడుచుకొని కూర్చొని నార్సింగి నుంచి గచ్చిబౌలి మీదుగా వచ్చింది. సిగ్నల్ పడ్డ ప్రతిచోటా కార్లవాళ్లు అద్దాలు దించి ఫోటోలు తీసుకున్నారట. ట్రాఫిక్ పోలీసు ఒకడు చలాన్ రాయబోయి, రాణికి చలానేమిటని సెల్యూట్ కొట్టి పంపించాడట. సెల్యూట్ మాట నోళ్లలో పడి కొంచెం పెరిగి ఉండొచ్చు. టిప్పర్ మాట మాత్రం అచ్చంగా నిజం. నడిపిన తిరుపతి ఇంకా ఉన్నాడు, కావాలంటే అడిగి తెలుసుకోవచ్చు.

"దిగు పెద్దమ్మా, నా మీద కేసైతది," అని ఆ రోజు తిరుపతి మొత్తుకున్నాడు.

"నీ పని నువ్ చెయ్ బిడ్డా. నేనేమన్న నీ నెత్తి మీద కూసున్ననా?"

"అసలెందుకెక్కినవ్?"

"జర గాలికి."

మే నెల మిట్టమధ్యాహ్నం అది. రోడ్డు మీద తారు కరుగుతోంది. ఆకు కదిలితే ఒట్టు. తిరుపతి ఇంకో మాట అడగకుండా బండి తీశాడు.

గాలికి కాదు ఆమె ఎక్కింది. నార్సింగిలో రింగురోడ్డు పక్కన ఆమె మొగుడు ఐలయ్యకు రెండెకరాల చెలక ఉండేది. వానకు పండే ఎర్రనేల. పొద్దున కట్టె పాతితే పొద్దుగూకేలోపు చిగురేస్తుందని ఐలయ్య చెప్పుకొనేవాడు. తను మరిచిపోయి వచ్చిన గొడ్డలి పిడికి రెండాకులు మొలిచాయని కూడా చెప్పేవాడు. ఆ చెలక తూర్పు మూలన ఒక తంగేడు పొద ఉండేది. బతుకమ్మకు ఊరు ఊరంతా తంగేడు కోసుకుపోయినా ఆ పొద మీద మాత్రం భూలక్ష్మి ఎవరినీ చెయ్యి వేయనిచ్చేది కాదు. అటు నాగలి కూడా పోనిచ్చేది కాదు.

ఆ పొద కింద ఆమె తొలిచూలు బిడ్డ ఉంది. ఆడపిల్ల. పుట్టిన పద్దెనిమిదో నాడు జ్వరంతో పోయింది. ఇరవై ఒకటో నాడు పేరు పెడదామనుకున్నారు. చంటిపిల్లలను కాల్చరు కనుక ఐలయ్య గుంత తీశాడు. భూలక్ష్మి తమ్ముడు వీరేశం తెల్లగుడ్డలో చుట్టిన మూటను చేతుల మీద మోసుకెళ్లి దించాడు. పచ్చి బాలింత గనుక భూలక్ష్మిని గడప దాటనివ్వలేదు. తర్వాత ఇద్దరు కొడుకులు పుట్టారు, పెరిగారు, వాళ్ల పెళ్లిళ్లూ అయ్యాయి. ఆ బిడ్డ మాట ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

తొమ్మిదేళ్ల కిందట చెలక అమ్మేశారు. అపార్ట్‌మెంట్ కట్టేవాళ్లు సెల్లార్ కోసం తవ్వకం మొదలుపెట్టారు. పైమట్టి నిగనిగలాడుతోందని మాదాపూర్‌లో కొత్తగా లేచిన ఒక ఆఫీసువాళ్లు కొనుక్కున్నారు. వాళ్ల సెల్లార్ కప్పు మీద అర ఎకరం తోట వెయ్యాలట, నూట ఇరవై టిప్పర్ల మట్టి కావాలట. నూట పంతొమ్మిది టిప్పర్లు పోయేదాకా భూలక్ష్మి గట్టు మీద కూర్చొని చూసింది. ఆఖరుగా మిషన్ తూర్పు మూలకు తిరిగి, తంగేడు పొదను వేళ్లతో సహా ఎత్తి, నూట ఇరవయ్యో టిప్పర్‌లో పోసింది. అప్పుడు లేచి, చక్రం మీద కాలు పెట్టి ఎక్కింది.

ఆఫీసు దగ్గర ఆ మట్టిని తోటంతా నెరిపి చదును చేశారు. ఏ పిడికెడు ఎక్కడ పడిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. మర్నాడు గడ్డి నాటడానికి ఆడకూలీలు కావాలన్నారు. భూలక్ష్మి కొంగు బిగించి వరుసలో కూర్చుంది. అదే పోవడం, మళ్లీ తొమ్మిదేళ్లు ఎటూ పోలేదు.

ఆ తోటకు ఆమే మహారాణి, ఆమే కాపలా. ఆమె కేకేస్తే ఎనిమిదో అంతస్తులో మీటింగులు ఆగేవంటారు. చెట్టు మొదట్లో టీ పారబోసిన సాఫ్ట్‌వేర్ పిల్లవాడిని "నీ పక్క మీద పోసుకో పో బిడ్డా" అని లిఫ్టు దాకా తరిమింది. పొద్దున వస్తూనే చెప్పులు విప్పి గోడ పక్కన పెట్టి, మళ్లీ సాయంత్రం పోయేటప్పుడే తొడుక్కొనేది. మట్టిలో చెప్పులు పాడవుతాయని అడిగినవాళ్లకు చెప్పేది.

ఇంత ప్రాణంగా చూసుకున్న మనిషే ఆ మట్టిని చంపింది.

ఎట్లాగంటే, ఒక ఎండాకాలం నీళ్లకు కరువొచ్చింది. ట్యాంకర్లు తాగడానికే చాలడం లేదని తోటకు నీళ్లు ఆపేశారు. గడ్డి మాడిపోతోంది. అప్పుడు భూలక్ష్మి కంటికి ఒక వింత కనబడింది. వెనక నీళ్ల మిషన్లు ఉండే గది గోడలోంచి ఒక పైపు వచ్చి, రోజూ మధ్యాహ్నం అరగంట సేపు తేటనీళ్లు మోరీలోకి వదులుతోంది. ఐలయ్య చెలకలో ఐదు బోర్లు వేయించాడు. ఐదింట్లోనూ దుమ్మే లేచింది. ఆరోది వేసి ఉంటే పాతాళంలోవాళ్లే పైకి వచ్చి "మాకే లేవయ్యా" అని చెప్పిపోయేవాళ్లు. అట్లాంటి చెలక చూసిన మనిషికి, తేటనీళ్లు మోరీ పాలవుతుంటే ప్రాణం ఊరుకుంటుందా? రబ్బరు పైపు ఒకటి తెచ్చి ఆ గొట్టానికి తొడిగి నీళ్లను తోటకు మళ్లించింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే వద్దంటారని భయం. నాలుగెండాకాలాలు అట్లానే పారించింది. ఒక్కసారి నోట్లో పోసుకుంటే తెలిసిపోయేది. మోరీ నీళ్లు నోట్లో ఎవరు పోసుకుంటారు?

గడ్డి అంచులు మాడుతూ వచ్చాయి. మట్టి మీద తెల్లటి పొర తేలింది. సిమెంటు సున్నమేమో అనుకొని ఊడ్చేసింది. మొక్కలు చచ్చినప్పుడల్లా కొత్తవి తెచ్చి నాటారు.

ఈ ఏడాది ఏప్రిల్‌లో సెల్లార్ కప్పు కారడం మొదలుపెట్టింది. కార్ల మీద తెల్లచారలు పడ్డాయి. తోట మట్టంతా దించి, కప్పుకు నీరు దిగకుండా మందు పూసి, తర్వాత మళ్లీ మట్టి నింపాలన్నారు. నూట ఇరవై టిప్పర్ల మట్టీ దిగి, ఆఫీసు వెనక ఖాళీ జాగాలో కుప్పలు కుప్పలుగా పడింది. బిల్డింగు బాగోగులు చూసే మేనేజర్ ఉదయ్ భాస్కర్ మట్టిని పరీక్షకు పంపాడు. తణుకు దగ్గరి మనిషి, మాట మెత్తన, లెక్క గట్టి.

ఒక శనివారం పొద్దున ఆయన కుప్పల మధ్య నిలబడి తిరుపతితో మాట్లాడుతుంటే భూలక్ష్మి విన్నది. తిరుపతి ఇప్పుడు డ్రైవరు కాదు, సొంతంగా నాలుగు టిప్పర్లున్న గుత్తేదారు.

"ఈ మట్టి నిండా ఉప్పేనండి తిరుపతిగారూ. అప్పట్లో ఎవరో చౌడునేల మట్టి మనకి అంటగట్టేశారు. సోమవారం ఎత్తించేయండి, కొత్తది తెప్పిద్దాం."

"ఎత్తుడెంతసేపు సార్. రింగురోడ్డవతల పాత క్వారీ గుంత ఉన్నది. ఎంత పోసినా ఇంకా తెమ్మంటది."

చేతిలో పార వదిలేసి భూలక్ష్మి వచ్చింది.

"చౌడా? ఎవని మట్టి సారూ చౌడు? గది మా చెలక మట్టి! గిండ్ల జొన్నలేస్తే కంకి బరువుకు దంటు వంగి నేలకు దండం పెట్టేది."

"మీ పొలం మట్టేనా ఇది?" ఉదయ్ భాస్కర్ ఆశ్చర్యపోయాడు. "మనమనుకుంటే ఏం లాభమమ్మా, రిపోర్టు అలా చెబుతోంది. కావాలంటే మీరే రుచి చూడండి."

భూలక్ష్మి వంగి చిన్న గడ్డ తీసి నాలుక మీద పెట్టుకుంది. ఊరగాయ జాడీ అడుగున మిగిలిన ఉప్పులాగా ఉంది. ఉమ్మేయబోయి ఆగిపోయింది. ఆ మట్టిని ఎట్లా ఉమ్ముతుంది? మింగింది.

అప్పుడు ఆమె చూపు వెనక గోడ వైపు, రబ్బరు పైపు వైపు పోయింది.

మర్నాడు ఆదివారం, సెలవు. అయినా వచ్చి నీళ్ల మిషన్ల గది తలుపు కొట్టింది. మిషన్ నడిపే శ్యామ్ చాయ్ తాగుతున్నాడు. గది మూలన బస్తాలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి.

"గవేం బస్తాలు శ్యామూ?"

"ఉప్పు పెద్దమ్మా. బోరు నీళ్లు గట్టివి గదా, మిషన్ల ఏసి మెత్తగ చేస్తం. గీ మిషన్ ఉప్పు తాగినట్టు మా మామ కల్లు గూడ తాగడు."

"తాగిన ఉప్పు ఎటు పోతది?"

"రోజు కడిగి బయటికి ఇడుస్తం. గోడ పైపుల నుంచి మోరీలకు." చాయ్ కప్పు కింద పెట్టాడు. "ఏంది పెద్దమ్మా, గట్ల కూసున్నవ్? దవాఖానకు పోదమా?"

ఏం లేదని చెయ్యి ఊపింది. చాలాసేపు ఆ గడప మీదే కూర్చుంది.

ఆలోచిస్తే లెక్క చిన్నదే. నోరు మూసుకుంటే ఆమె పనికి ఢోకా లేదు, కొత్త మట్టి వస్తుంది, కొత్త గడ్డి వస్తుంది, బిడ్డ క్వారీ గుంతలో పడుతుంది. నిజం చెబితే మట్టి నిలవొచ్చు. తను నిలవదు. కప్పు కారి ఎంత ఖర్చు పెట్టిస్తోందో చూస్తూనే ఉంది, ఇంత నష్టం చేసిన మనిషిని ఎవరుంచుకుంటారు? తొమ్మిదేళ్లుగా ఆమెకు తెలిసిన సుఖం ఒక్కటే, పొద్దున చెప్పులు విప్పి ఆ మట్టి మీద కాలు పెట్టడం.

సోమవారం మట్టి తోడే మిషన్ వచ్చింది. మొదటి కుప్ప ముందర తొండం ఎత్తింది. భూలక్ష్మి పోయి దాని ముందు నిలబడింది.

"పెద్దమ్మా, మల్ల ఎక్కుతవా ఏంది?" అని తిరుపతి నవ్వాడు. ఆమె ముఖం చూసి నవ్వు ఆపి, మిషన్ కూడా ఆపించాడు. ఉదయ్ భాస్కర్ పరుగున వచ్చాడు.

"సారూ, మట్టిది తప్పు లేదు. తప్పు నాది," అంది భూలక్ష్మి.

"అదేంటి?"

"మిషన్ గది పైపుకు రబ్బరు తొడిగి తోటకు పారిచ్చిన. ఉప్పు నీళ్లని నాకెర్కలే. మోరీల పోతున్నయ్ గదా అని పట్టిన."

ఉదయ్ భాస్కర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఎన్నాళ్లు?"

"నాలుగెండకాలాలు."

"నాలుగేళ్లు! అమ్మా, ఆ ఉప్పే కప్పులో దిగి ఇనుము తినేసింది. ఎంత పని చేశారు! నన్నొక్క మాట అడగలేకపోయారా?"

"అడిగితే వద్దంటరని అడగలే."

"మరిప్పుడెందుకు చెప్పారు? ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు కదా."

భూలక్ష్మి కుప్ప వైపు చూసింది. "దాని మీద నింద పడ్డది సారూ. ఉప్పు అది పుట్టించుకున్నది గాదు, నేను తాపిన. తాపిన ఉప్పు దించొచ్చు. చౌడు నేలను బాగు చేసుకున్నోళ్లు లేరా? నాకు వానలు పోయేదాక టైమియ్యి."

ఉదయ్ భాస్కర్ కుప్పల చుట్టూ ఒకసారి నడిచి వచ్చాడు. ఎక్కడో తణుకు అవతల, సముద్రం ఒడ్డు చేలు కళ్లముందు కదిలాయి కాబోలు.

"మా మేనమామగారి చేలోకి ఒక ఏడు సముద్రం నీళ్లొచ్చేశాయి," అన్నాడు మెల్లగా. "ఉప్పు పొర మీద ఎండ పడితే కళ్లు చెదిరేవి. ఆయన జిప్సం చల్లి, వాన నీళ్లు నిలగట్టి వదిలేసి, పచ్చిరొట్ట ఎరువుకి జీలుగ వేశారు. రెండేళ్లకి మళ్లీ వరి పండిందండి." తిరుపతి వైపు తిరిగాడు. "కప్పు పని ఎలాగూ సెప్టెంబరు దాకా పడుతుంది. అప్పటిదాకా ఈ మట్టి ఇక్కడే ఉంటుంది. ఉప్పు దిగితే పైకెక్కుతుంది, దిగకపోతే మీ గుంతలోకే."

"నాదేం పోయింది సార్. గుంతేడికీ పోదు."

"కానీ భూలక్ష్మిగారూ, జరిగింది నేను పైవాళ్లకి రాయాలి. దాచలేను."

"రాయి సారూ. పేరు గూడ పెద్దక్షరాల్ల రాయి. మట్టి పైకెక్కేదాక మాత్రం నన్ను పనిల నుంచి తియ్యకు."

ఆయన తల ఊపాడు.

ఆ రోజు నుంచి భూలక్ష్మి నడుం వాల్చిందో లేదో ఆమె నడుముకే తెలియాలి. కుప్పలన్నీ అడుగు మందాన ఎకరం మేర పరిపించింది. నడుమ కాలువలు తీయించింది. పరిచే ముందు ప్రతి పారెడూ జల్లెడ పట్టింది. మిషన్‌తో పట్టిద్దామని తిరుపతి అంటే వినలేదు. జల్లెడలో ప్లాస్టిక్ ముక్కలు, చెవుల్లో పెట్టుకొనే తీగలు, మూడు ఆఫీసు కార్డులు, ఒక పెళ్లి ఉంగరం దొరికాయి. ఉంగరం పోగొట్టుకున్నది నేనంటే నేనని ఏడుగురు వచ్చారట, అందులో నలుగురికి పెళ్లే కాలేదట. పక్కవాళ్లు నవ్వుతుంటే భూలక్ష్మి కూడా నవ్వేది. జల్లెడలో తెల్లగా ఏదైనా కనబడ్డప్పుడు మాత్రం ఆమె చెయ్యి ఆగిపోయేది. వేళ్లతో తీసి, తుడిచి, వెలుగుకు పట్టి చూసేది. గులకరాయి. మళ్లీ ఆడించేది. మళ్లీ ఆగేది. మళ్లీ గులకరాయే.

జిప్సం చల్లి కలిపారు. జూన్ వానలు మొదలయ్యాయి. నీళ్లు మట్టిలోంచి దిగి కాలువల్లో తెల్లని నురగతో పారాయి. ప్రతి వాన తర్వాతా భూలక్ష్మి ఒక గడ్డ నాలుక మీద పెట్టుకొనేది. ఉప్పు తగ్గుతోంది గానీ మట్టిలో జీవం లేదు. చేత్తో పిసికితే బూడిదలాగా జారిపోతోంది.

"మంద ఆపాలె సారూ," అంది ఒక రోజు.

మంద ఆపడమంటే గొర్రెల మందను నాలుగు రోజులు చేనులో పడుకోబెట్టడం. వాటి పెంట, ఉచ్చ, గిట్టల తొక్కుడు అన్నీ నేలకు బలమే. నార్సింగి చుట్టుపక్కల చెలకలున్నన్నాళ్లూ చేసిన పనే. ఆఫీసుల మధ్య ఎవరూ చేసింది లేదు.

"గొర్రెలా? ఇక్కడికా?" ఉదయ్ భాస్కర్ నోరు తెరిచాడు.

"మా తమ్మునికి రెండు నూర్లున్నయ్. ఫికర్ చెయ్యకు, మీ సాఫ్ట్‌వేరోళ్ల కన్న వరుసల నడుస్తయ్."

వీరేశం రింగురోడ్డు పక్కన అమ్ముడుపోయినా ఇంకా కట్టని ప్లాట్లలో మందను మేపుకొంటున్నాడు. అక్క ఫోన్ చేస్తే ఎందుకని అడగలేదు. తెల్లారకముందే మందను లేపి, చల్లని పూట నడిపించుకొని వచ్చాడు. బయోడైవర్సిటీ చౌరస్తా దగ్గర రెండు వందల గొర్రెలు రోడ్డెక్కేసరికి ఆ రోజు సగం మాదాపూర్ ఇంటి నుంచే పని చేసిందట. ఒక పొట్టేలు మెట్రో స్టేషన్ మెట్లెక్కి, టికెట్ లేక తిరిగి వచ్చిందట. గేటు దగ్గర సెక్యూరిటీవాడు మాత్రం మహా నియమస్తుడు. లోపలికి ఎవరొచ్చినా రాయాల్సిందేనని రిజిస్టర్ తెరిచి, వచ్చినవారు: గొర్రెలు, కలవవలసినవారు: భూలక్ష్మి, అని రాసి వీరేశంతో సంతకం పెట్టించాడు.

మంద లోపలికి వచ్చింది. గొర్రెలు మట్టి మీదికి పోయాయి. వీరేశం మట్టి అంచు దాకా వచ్చి ఆగాడు. వంగి, కాళ్ల నుంచి కిర్రుచెప్పులు విప్పి, రాయి పక్కన పెట్టాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకొని, అప్పుడు మట్టి మీద అడుగేశాడు.

ఎండకు దూరంగా నిలబడి చూస్తున్న ఉదయ్ భాస్కర్, వీరేశం దగ్గరికి వచ్చి అడిగాడు. "భూలక్ష్మిగారూ అంతే, మీరూ అంతే. చెప్పులెందుకండి విప్పుతారు?"

"మా అక్క బిడ్డ ఉన్నది సారూ గిండ్ల," అన్నాడు వీరేశం. "నేనే పండుకోబెట్టిన. ముప్పై నాలుగేండ్లాయె. చెలక తోడినప్పుడు గీ మట్టితోనే వచ్చింది."

ఉదయ్ భాస్కర్‌కు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. తర్వాత రాయి పక్కన కూర్చొని, బూట్ల తాళ్లు విప్పుకున్నాడు. మేజోళ్లు మడిచి బూట్లలో పెట్టాడు. పట్టణం నడకకు అలవాటైన మెత్తటి పాదాలతో వీరేశం వెనక మట్టిలోకి నడిచాడు.

అవతలి చివర కాలువ సరిచేస్తున్న భూలక్ష్మి తలెత్తి చూసింది. మొదట తమ్ముడి ఉత్తకాళ్లు, తర్వాత సారు ఉత్తకాళ్లు. వీరేశం దగ్గరికి వచ్చాడు. ముప్పై నాలుగేళ్లలో ఇద్దరి మధ్యా రాని మాట.

"నీకు యాదికున్నదా తమ్మీ?"

"మర్చిపోతనా అక్కా? తోవ పొడుగూత బరువే లేదనిపించింది. గందుకే యాదికున్నది."

భూలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది. వీరేశం అటు తిరిగి గొర్రెలను అదిలించాడు.

వారం రోజులు మంద ఆ మట్టి మీద పడుకుంది. తర్వాత దున్ని జీలుగ చల్లారు. నాలుగో రోజుకు మొలక సూదుల్లాగా లేచింది. ఆ పచ్చదనం చూసి భూలక్ష్మి కాలువ గట్టు మీద కూలబడింది. జీలుగ ఎంత ఎత్తు పెరిగిందంటే ఆరో అంతస్తువాళ్లు కిటికీలోంచి చెయ్యి చాచి ఆకు తెంపుకున్నారంటారు. ఆరో అంతస్తు కాకపోవచ్చు. మనిషి నడుము దాటింది, అది చాలు. పూతకు రాబోయే వేళకు తిరుపతి ట్రాక్టరు తెచ్చి మొత్తం మట్టిలో కలియదున్నాడు. పచ్చి వాసన మూడు రోజులు లిఫ్టుల్లో కూడా తిరిగింది. వానలకు అది కుళ్లి నల్లబడింది. పొద్దున మట్టి తిరగేస్తే వానపాములు కనబడ్డాయి.

సెప్టెంబరు మూడో వారంలో కొత్త రిపోర్టు వచ్చింది. ఉదయ్ భాస్కర్ దాన్ని చేత్తో పట్టుకొని వెనక జాగాకు వచ్చాడు. చదవబోతే భూలక్ష్మి వద్దంది. వంగి ఒక గడ్డ తీసి నాలుక మీద పెట్టుకుంది. కళ్లు మూసుకుంది.

"చెప్పండి," అన్నాడు ఆయన.

"మట్టి మట్టి లెక్కనే ఉన్నది సారూ."

"రిపోర్టు కూడా అదే అంటోందండి."

తర్వాత ఆయన కాగితం మడత పెడుతూ, విప్పుతూ నిలబడ్డాడు. ఆమెకు తెలిసిపోయింది.

"ఎప్పటిదాక?"

"ఒకటో తారీకు నుంచి మీ పేరు తీసేశారమ్మా. చాలా చెప్పి చూశాను. మట్టి బాగుపడింది కదా అన్నాను. కప్పు సంగతేంటన్నారు."

"సరే తియ్ సారూ. మాటంటే మాట. నువ్ మట్టిని నిలబెట్టినవ్."

మట్టి పైకెక్కడం మొదలైంది. ర్యాంపు మీదుగా టిప్పర్ వెంట టిప్పర్. పెంటా జీలుగా కలిసినందుకు మట్టి గుల్లబారి నూట ఇరవై దాటుతుందని తిరుపతి పందెం కాశాడు. నెలాఖరు రోజు సాయంత్రం ఆఖరు టిప్పర్ నిండింది. ఆ రోజు స్టీరింగు తిరుపతే పట్టుకున్నాడు. కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఎక్కు పెద్దమ్మా."

"ఎందుకురా?"

"జర గాలికి."

భూలక్ష్మి అతని ముఖంలోకి చూసింది. అతనికి ఎవరో చెప్పారు. ఆమె చక్రం మీద కాలు పెట్టింది. తొమ్మిదేళ్లు మీద పడ్డ మోకాలు లేవనంది. ఆఖరు రోజని వచ్చిన వీరేశం కింది నుంచి చెయ్యి ఆసరా ఇచ్చాడు. కుప్ప మీద కాళ్లు ముడుచుకొని కూర్చుంది. టిప్పర్ ర్యాంపు మీద మెల్లగా, నిండుకుండ దించుతున్నంత మెల్లగా ఎక్కింది.

పైన మట్టి నెరిపి చదును చేశారు. జనం పోయారు. ఆఫీసు అద్దాల మీద పొద్దు ఎర్రగా వాలింది. చదునైన మట్టి మీద భూలక్ష్మి, వీరేశం ఇద్దరే నిలబడ్డారు.

"అక్కా, ఒక పిడికెడు కొంగుల కట్టుకో," అన్నాడు వీరేశం. "ఇంటి కాడ కుండిల పోసుకుందువు. రేపటి సంది నిన్ను లోపటికి రానియ్యరాయె."

భూలక్ష్మి వంగింది. చెయ్యి మట్టిలో పెట్టింది. పిడికిలి బిగించింది. చాలాసేపు అట్లానే ఉండి, వేళ్లు విప్పేసింది.

"వద్దు తమ్మీ. ఆ పిడికిట్ల ఏమొస్తదో నాకెర్కనా? చెయ్యొస్తదో, కాలొస్తదో. అంత ఒక్క తాన ఉండనీ. విడదియ్యను."

తోట మూలన నల్లా ఉంది. కొత్తగా వేసింది, మంచినీళ్లది. భూలక్ష్మి దానికి పైపు తొడిగి, మట్టి అంచు మీద నిలబడి చేతులు కడుక్కుంది. గోళ్ల సందులు పుల్లతో గీకి కడుక్కుంది. పాదాలు, మడమల పగుళ్లు, చీర కుచ్చెళ్ల అంచు కడుక్కుంది. తర్వాత పైపు తమ్ముడి కాళ్ల మీద పట్టింది. ఎర్రటి నీళ్లు మోరీ వైపు పోకుండా ముందే చిన్న గట్టు కట్టి పెట్టింది. ఆ నీళ్లు తిరిగి మట్టిలోకి ఇంకేదాకా ఇద్దరూ కదలలేదు.

గేటు దగ్గర సెక్యూరిటీవాడు కార్డు తీసుకొని సంచి తెరిచి చూశాడు. ఖాళీ టిఫిను డబ్బా ఉంది.

"ఇంకేం లేదు గదా పెద్దమ్మా?"

"ఏం లేదు బిడ్డా," అంది భూలక్ష్మి, కడిగిన రెండు చేతులూ చాపి చూపిస్తూ.